పాత తెలుగు సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి? (మాయాబజార్‌తో మాత్రం వద్దు)

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: వయసు ఇరవై ఆరు, హైదరాబాదులో ఉద్యోగం, చూసేవి ఎక్కువగా మలయాళం థ్రిల్లర్లు. ఇంట్లో పోరు పడలేక ఒక ఆదివారం మాయాబజార్ పెట్టారు, నలభై నిమిషాలకి ఆపేశారు. "అందరూ అంత గొప్పదంటారు, నాకెందుకు ఎక్కలేదు? లోపం నాలో ఉందా? పాత సినిమాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో చూడాలి?" అని అడిగారు.

లోపం మీలో లేదు, సినిమాలోనూ లేదు. వరస తిరగబడింది, అంతే. ముందు మిస్సమ్మ (1955) చూడండి. అది నచ్చితే ముత్యాల ముగ్గు, ఆ తర్వాత మల్లీశ్వరి, అప్పుడు మాయాబజార్. మధ్యలో ఎక్కడైనా మీ థ్రిల్లర్ల మీద మనసు పోతే అన్వేషణ. మిస్సమ్మే విసుగనిపిస్తే దానికి వేరే దారి ఉంది, కింద చెప్తాను.

ఇంతకీ ఈ మాట చెప్పడానికి నేనెవరినంటే, తెనాలిలో చాలా ఏళ్ళు వీడియో లైబ్రరీ నడిపినవాణ్ణి. వీహెచ్‌ఎస్ క్యాసెట్లతో మొదలైన కొట్టు సీడీల కాలంతో ముగిసింది. మూసేశాక కూడా పాత ఖాతాదారులూ వాళ్ళ పిల్లలూ "ఈ ఆదివారం ఏం చూడమంటారు మాస్టారూ" అని వాట్సప్‌లో అడుగుతూనే ఉంటారు. (మాస్టర్ని కాదు. కళ్ళజోడు చూసి అలా పిలవడం మొదలుపెట్టారు.) సినిమా విమర్శ నాకు చేతకాదు. ఎవరికి ఏది ఇస్తే మర్నాడు నవ్వుతూ వస్తారో, ఏది ఇస్తే క్యాసెట్ బల్ల మీద పడేసి "వేరేది ఇవ్వండి" అంటారో, అది మాత్రం తెలుసు.

మాయాబజార్ (1957) ముందే ఎందుకు వద్దంటున్నానంటే

మీ అమ్మానాన్నలు ఆ సినిమాని మీలాగా చూడలేదు. చూడకముందే విన్నారు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది, మూడు గంటల సినిమాని గంటకు కుదించి మాటలూ పాటలూ మాత్రం వినిపించేవాళ్ళు. శ్రీరామనవమి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో మైకు కట్టి అవే పాటలు మోగించేవాళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు ఘటోత్కచుడి మాటలు అప్పజెప్పేవాళ్ళు. తీరా ఆ సినిమా మళ్ళీ వాళ్ళ ఊరి హాలుకొచ్చేసరికి ప్రతి మాటా తెలిసిందే. తెలిసిన మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే వాళ్ళ ఆనందం. మీరేమో ఒక్కరే, చేతిలో ఫోనుతో, ఏమీ వినకుండా నేరుగా మొదటి రీలు దగ్గర కూర్చున్నారు.

ఇంకో సంగతి. ఆ సినిమా మీకు భారతం తెలుసునన్న నమ్మకంతో తీసింది. కథంతా పాండవులు రాజ్యం పోగొట్టుకోవడం మీద నడుస్తుంది, కానీ ఆ పాండవుల్లో ఒక్కరు కూడా తెర మీదకి రారు. దర్శకుడు కె.వి. రెడ్డి గారి ధైర్యం అది. తెలిసినవాడికి ఆ ఖాళీయే ముచ్చటగా ఉంటుంది. జూదం, అరణ్యవాసం, శకుని పాచికలు వీటిమీద చిన్నప్పటి నుంచీ పట్టు లేనివాడికి మాత్రం మొదటి అరగంటలో చిన్నపిల్లల ప్రేమ, ఇష్టమైనవాళ్ళని చూపించే ప్రియదర్శిని పెట్టె, పెద్దల మాటామంతీ తప్ప ఇంకేం కనపడదు.

అన్నిటికంటే ముఖ్యమైంది, మీరు ఆపిన చోటికి అసలు వినోదం ఇంకా మొదలు కాలేదు. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు తీరిగ్గా వస్తాడు. ఆయన వచ్చాక, ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక, సావిత్రి చేసే పని చూడాలి. ఒంట్లో రాక్షసుడు, పైకి రాకుమారి. ఆ చేతులు విసరడం, ఆ మీసం మీదికి పోబోయే వేళ్ళు, ఎదురుగా లక్ష్మణకుమారుడుగా రేలంగి. మా కొట్టు క్యాసెట్‌లో టేపు బాగా అరిగింది ఆ భాగంలోనే.

అరగడం అంటే తెలియని వయసు మీది, చెప్తాను. వీహెచ్‌ఎస్ టేపుని ఒకేచోట వెనక్కి తిప్పి తిప్పి వేస్తే అక్కడ తెర మీద తెల్లగీతలు పడేవి. ఎవరూ ఏమీ చెప్పకపోయినా, క్యాసెట్ తిరిగొచ్చాక వేసి చూస్తే జనం ఏది మళ్ళీ మళ్ళీ చూశారో గీతలే చెప్పేవి. శంకరాభరణం (1980) క్యాసెట్‌కి గీతలు చివరి కచేరీ దగ్గర. అహ నా పెళ్ళంట (1987) క్యాసెట్‌కి కోట శ్రీనివాసరావు కోడిని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే చోట. ఆ ఒక్క సీను కోసం ఆ క్యాసెట్ రెండో కాపీ కొనాల్సి వచ్చింది. ఈరోజు ఎవరైనా ఏ సినిమా గొప్పదని రాసినా నాకు మొదట వచ్చే ఆలోచన, "ఇందులో గీతలు ఎక్కడ పడేవి?" అని.

మాయాబజార్‌కి తిరిగొస్తాను. సావిత్రి చేసిన ఆ భాగం ఎందుకంత రుచో తెలియాలంటే ముందు మామూలు సావిత్రి ఎలా ఉంటుందో, రంగారావు ఎలా కూర్చుంటాడో, ఎలా ఉరుముతాడో మీ కంటికి అలవాటు కావాలి. ఇద్దరూ ఒకే సినిమాలో, మన మధ్య మనుషుల్లా కనిపించేది మిస్సమ్మలో. అందుకే ఆ వరస.

మరి మాయాబజార్ చూసే రోజు వచ్చినప్పుడు, నలుపు తెలుపుదే చూడండి. 2010లో రంగులద్ది విడుదల చేశారు, శ్రద్ధగానే చేశారు, పిల్లలకి అది నచ్చుతుంది కూడా. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ దీపాలు పెట్టింది నలుపు తెలుపు కోసం. లాహిరి లాహిరి పాటలో ఆ వెన్నెల నీళ్ళమీద ఎలా పరుచుకుంటుందో రంగుల్లో చూస్తే సగం పోతుంది. చూసేటప్పుడు పక్కన ఆ సినిమా తెలిసిన పెద్దవాళ్ళు ఒకరుంటే మంచిది. వాళ్ళు ముందే మాట చెప్పేసి నవ్వుతుంటే చిరాకు పడకండి. ఆ సినిమాని అలాగే చూస్తారు.

మిస్సమ్మ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను

కథ రెండు ముక్కల్లో: పల్లెటూళ్ళో ఒక జమీందారు బడి. దానికి భార్యాభర్తలైన ఇద్దరు పట్టభద్రులు పంతుళ్ళుగా కావాలని పేపర్లో ప్రకటన. ఉద్యోగం లేక తిప్పలు పడుతున్న ఒక హిందూ కుర్రాడూ ఒక క్రైస్తవ అమ్మాయీ, పెళ్ళి కాకుండానే మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని ఆ ఊరు వెళతారు. ఇక మిగతాది మీరే ఊహించుకోండి. 1955లో ఈ పాయింటు మీద సినిమా తీసి, ఎవరినీ నొప్పించకుండా, ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టారు. ఈ రోజున ఇదే కథతో సినిమా వస్తే మీరు టికెట్ తీసుకుని వెళతారా లేదా? వెళతారు. పాత సినిమాలోకి ఇది మంచి గుమ్మం అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. తలుపు తీస్తే ఎదురుగా నిరుద్యోగం, అద్దె బాకీలు, అబద్ధపు సర్టిఫికెట్లలాంటి మన గోలే.

రచన చక్రపాణి గారిది. ఆయనది మా తెనాలి పక్కన ఐతానగర్, కాబట్టి కొంచెం ఊరి అభిమానం కలిపే రాస్తున్నానని పట్టించుకోకుండా చదవండి. క్షయకు మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని, అక్కడి నవలాకారుడు శరత్‌ని తెలుగు చేసినాయన. ఈ సినిమాకి మూలం కూడా ఒక బెంగాలీ హాస్య కథే. అయితే చూస్తున్నంతసేపూ అది ఎక్కడినుంచో తెచ్చిందని అనిపించదు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. పాటలు పింగళి, సంగీతం సాలూరు రాజేశ్వరరావు.

మొదట ఆ క్రైస్తవ అమ్మాయి మేరీ పాత్రకి అనుకున్నది భానుమతిని. నిర్మాతలకీ ఆవిడకీ పొసగక ఆవిడ తప్పుకుంటే, చెల్లెలు పాత్రకి అనుకున్న సావిత్రిని ముందుకి తెచ్చి ఆ రెండో పాత్ర జమునకి ఇచ్చారు. నేను మేరీ పాత్రని ఇంకొకరిలో ఊహించుకోలేను. సావిత్రి ఈ సినిమాలో చాలాభాగం చిరాకు పడుతూ ఉంటుంది. బొట్టు పెట్టమంటే చిరాకు, నోము అంటే చిరాకు, పక్కనున్న దొంగ మొగుడు అతి మంచితనం చూపిస్తే ఇంకా చిరాకు. ఒక మనిషి చిరాకు పడుతుంటే మూడు గంటలు చూడటం కష్టం. ఆవిడ చిరాకులో మాత్రం ఎన్ని రకాలున్నాయో! పైకి విసుగు, లోపల భయం, ఇంకా లోపల ఇష్టం. అది ఇష్టమని ఆ అమ్మాయికి తెలియకముందే చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. రావోయి చందమామ పాటలో మొగుడి మీద పెళ్ళాం, పెళ్ళాం మీద మొగుడు చంద్రుడికి చాడీలు చెప్పుకుంటారు. కొట్లాటే యుగళగీతం అన్నమాట.

ఇంకొకటి గమనించండి. అక్కినేని అప్పటికే దేవదాసు (1953)తో పెద్ద పేరున్న హీరో. అలాంటాయన ఇందులో డిటెక్టివ్‌నని చెప్పుకు తిరిగే మేనల్లుడుగా చిన్న హాస్యపాత్ర వేశాడు. విషాద ముద్ర చెరుపుకోవడానికి వేశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. చూస్తే ఆ మనిషి ఎంత సరదా పడి చేశాడో తెలుస్తుంది.

కాస్త ఓర్చుకోవాల్సినవీ ఉన్నాయి. తప్పిపోయిన కూతురు సంగతి ముందే పసిగడతారు, దాన్ని రహస్యంలా చూడకండి. చివర్లో కొంచెం సాగుతుంది. ఆడవాళ్ళకి బుద్ధి చెప్పే మాటలు అక్కడక్కడ తగులుతాయి, నాకూ ఇప్పుడు చెవికి గుచ్చుకుంటాయి. తెలుసుకొనవె యువతి పాట వింటుంటే మా అమ్మాయి "నువ్వే తెలుసుకో" అని టీవీకి జవాబు చెప్పేది. ఆ పాటకి తగిన జవాబు కూడా అదే సినిమాలో ఉంది, వినండి.

మీకు ఏం నచ్చుతుందో కంటే ఎక్కడ ఆపారో ముఖ్యం

కొట్లో కొత్తవాళ్ళు వస్తే "మీకు ఎలాంటి సినిమాలు ఇష్టం" అని నేను అడిగేవాణ్ణి కాదు. ఆ ప్రశ్నకి జనం మర్యాద కోసం జవాబు చెప్తారు. "మంచి సినిమాలండీ, కుటుంబంతో చూసేవి" అంటారు, పట్టుకెళ్ళేది మాత్రం ఫైటింగులు. "ఈమధ్య ఏ సినిమా మధ్యలో ఆపేశారు, ఏ సీను దగ్గర?" అని అడిగితే నిజం వస్తుంది. బ్యాంకులో పనిచేసే ఒకాయన శంకరాభరణం మధ్యలో ఆపేశానన్నాడు. ఎక్కడ అంటే, శాస్త్రి గారికి కచేరీలు తగ్గి ఇల్లు గడవక ఇబ్బంది మొదలైన చోట. సంగీతం విసుగై కాదు. వాళ్ళ నాన్నగారూ అలాగే హరికథలు చెప్పి చివరికి అలాగే మిగిలారట. ఆయనకి కావాల్సింది సంగీతం లేని సినిమా కాదు, ఆ బాధ లేని సినిమా. మల్లీశ్వరి ఇచ్చాను. వారం రోజులు తిరిగివ్వలేదు, అద్దె మాత్రం రోజూ లెక్కకట్టి ఇచ్చాడు.

మీరు మాయాబజార్ నలభయ్యో నిమిషంలో ఆపారంటే, నా లెక్క ప్రకారం మీకు పాతదనం అడ్డం కాలేదు. "ఈ మనుషులకి ఏం కష్టం వచ్చింది?" అన్న ప్రశ్నకి అప్పటిదాకా జవాబు దొరకలేదు, అంతే. థ్రిల్లర్లు అలవాటైనవాళ్ళకి ఆ జవాబు పది నిమిషాల్లో కావాలి. మిస్సమ్మ మొదట్లోనే ఇస్తుంది.

వరస విషయంలో నాకు అసలు చదువు నేర్పింది శివరాత్రి. జాగారానికి టీవీ, వీసీపీ (క్యాసెట్ వేసే పెట్టె), నాలుగు క్యాసెట్లు కలిపి రాత్రంతా అద్దెకిచ్చేవాళ్ళం. వీధిలో సగం జనం ఒకే అరుగు మీద. ముందు పౌరాణికం, అప్పటికి పెద్దవాళ్ళు మేలుకుని ఉంటారు, స్వామికార్యం అయినట్టూ ఉంటుంది. పన్నెండు దాటాక జంధ్యాల హాస్యం, నిద్ర ఆపడానికి. రెండింటికి ఏదైనా పరుగులు పెట్టే కథ. తెల్లవారుజామున పాటల సినిమా, కళ్ళు మూసుకున్నా చెవులు చూస్తాయి. అదే నాలుగు క్యాసెట్లు తలకిందులుగా వేసిన ఇంట్లో ఒంటిగంటకే గురకలు. సినిమాలు అవే, మనుషులు అవే.

తర్వాతవి, నా అభిప్రాయంతో సహా

ముత్యాల ముగ్గు (1975): బాపు దర్శకత్వం, ముళ్ళపూడి వెంకటరమణ మాటలు. మిస్సమ్మ తర్వాత రంగుల్లోకి రావడానికి ఇదే ఎందుకంటే, కన్ను ఇక్కడ పండగ చేసుకుంటుంది. కెమెరా ఇషాన్ ఆర్య, గర్మ్ హవా అనే హిందీ సినిమాకి కెమెరా పట్టినాయన. సహజమైన వెలుతురులో గోదావరి ఇళ్ళనీ వాకిళ్ళనీ ముగ్గుల్నీ ఆయన పట్టుకున్నట్టు అంతకుముందు తెలుగులో ఎవరూ పట్టుకోలేదని నా అభిప్రాయం. ఇక రావు గోపాలరావు కాంట్రాక్టరు. అప్పటిదాకా విలన్ అంటే గట్టిగా అరిచేవాడు. ఈయన తాపీగా, కళల మీద మక్కువతో, తియ్యగా మాట్లాడుతూ ఒక సంసారం కూల్చేస్తాడు. ఆయన మాటలు ఎల్పీ రికార్డుగా వేస్తే జనం కొనుక్కుని విన్నారు. మీ మలయాళం సినిమాల్లో మెత్తగా మాట్లాడే దుర్మార్గులు మీకు నచ్చుతారు కదా, వాళ్ళ పెదనాన్న ఈయన.

కానీ ఒక సంగతి. ఇది ఉత్తర రామాయణం. నిందపడ్డ భార్యని భర్త వదిలేస్తాడు, చివరికి పిల్లలు కలుపుతారు. ఆ భర్త అంత తేలిగ్గా గట్టెక్కడం నాకు ఎన్నిసార్లు చూసినా మింగుడు పడదు. మా ఆవిడ అయితే ఆ చివరి భాగం రాగానే లేచి వంటింట్లోకి పోతుంది. కొట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇదే క్యాసెట్ తిరిగిస్తూ నా ముందే దీనిమీద పోట్లాడుకున్నారు. ఒకావిడ "క్షమించడం గొప్ప" అని, రెండో ఆవిడ "ఆయన క్షమాపణ అడిగిందెక్కడ?" అని. నేను రెండో ఆవిడ పక్షం. మీరు చూసి మీ పక్షం ఏదో చూసుకోండి.

మల్లీశ్వరి (1951): బి.ఎన్. రెడ్డి. ఇది వాన పడే రాత్రి, ఫోను వేరే గదిలో పెట్టి చూడాల్సింది. నెమ్మదిగా ఉంటుంది, ముందే చెప్తున్నాను. పాడుబడ్డ మండపం, బయట వాన, లోపల మల్లి ఆడుతుంటే మారువేషంలో కృష్ణదేవరాయలూ అల్లసాని పెద్దనా చూస్తారు. వాళ్ళెవరో తెలియని బావ నాగరాజు మరదల్ని ఏడిపించడానికి, రాయల వారికి చెప్పి ఈమెకో పల్లకీ పంపించమని వేళాకోళం ఆడతాడు. తర్వాత ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. రాణివాసానికి. ఈ కథలో దుర్మార్గుడంటూ లేడు. రాజు మంచివాడు, పల్లకీ గౌరవమే, తల్లికి మాత్రం నగల మీద ఆశ. ఒక్క వేళాకోళం చాలు రెండు బతుకులు విడిపోవడానికి. థ్రిల్లర్ చూసే మనిషికి ఆ పల్లకీ వచ్చే ఘట్టంలో గుండె దడ తెలుస్తుందని నా నమ్మకం.

దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకి మొదట రాసింది దీనికే. మనసున మల్లెల అని భానుమతి పాడుతున్నప్పుడు ఆవిడ ముఖం కంటే గొంతు ఎక్కువ నటిస్తుంది. నేనైతే ఆ పాటకి కళ్ళు మూసుకుంటాను.

అన్వేషణ (1985): వంశీ. తలకోన అడవి, ఇళయరాజా, పులి చంపుతోందని అందరూ నమ్మే చావులు, వాటి మధ్య పక్షుల కూతల మీద పరిశోధనకొచ్చిన అమ్మాయిగా భానుప్రియ. హాస్యం కొంత పాతబడింది, చివరికి విషయం విప్పే తీరు మీ లెక్కలో పదికి ఆరు. కానీ అడవి చప్పుళ్ళు! హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాత్రిపూట చూడండి. అప్పట్లో దీన్ని మా కుర్రాళ్ళు దీపాలార్పి చూడటానికే తీసుకెళ్ళేవాళ్ళు.

జంధ్యాలవి ఈ వరసలో ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో. వాటికి వరస అక్కర్లేదు. ఇంట్లో నలుగురు చేరినరోజు అహ నా పెళ్ళంట పెట్టండి. ఒక్కరే కూర్చుని చూడకండి, సగం నవ్వు పక్కవాడిది.

మిస్సమ్మ కూడా ఎక్కకపోతే మీకు మాటల కంటే సంఘటనలు కావాలన్నమాట. అప్పుడు పాతాళ భైరవి (1951). ఇంగ్లీషు ఫైటింగు సినిమాలు తప్ప ఇంకేం ముట్టని ఒక మెకానిక్కు కుర్రాడికి, కావలసిన క్యాసెట్ బయట ఉందని ఇది అంటగట్టాను. నేపాళ మాంత్రికుడి కోసం మళ్ళీ వచ్చి అడిగి తీసుకెళ్ళాడు. హీరో ఎన్టీఆర్ అయినా మనసు దోచేది రంగారావు. ఆ గొంతు, ఆ గడ్డం నిమరడం, శిష్యుణ్ణి చూసే చూపు. అక్కడినుంచి నేరుగా మాయాబజార్‌కి పోవచ్చు, దర్శకుడూ సంస్థా ఒకటే.

దాసి (1988) మాత్రం ఈ లెక్కలన్నిటికీ బయట ఉంటుంది. బి. నరసింగరావు తీశారు. నిజాం కాలం, గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు), దొర, కట్నంతో పాటు వచ్చిన దాసి కమలాక్షి. అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది, సినిమాకి మొత్తం ఐదు. మాటలు చాలా తక్కువ. నేను మొదటిసారి ఒక ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో చూశాను. గడీ పనులు, బిందెలు, మెట్లు, పడక సర్దడం, అంతే జరుగుతుంటుంది. మధ్యలో ఎక్కడో నాకు తెలియకుండానే కుర్చీలో ముందుకు జరిగాను. మా కోస్తా వాళ్ళకి గడీ అంటే పుస్తకంలో మాట. ఆ సినిమా చూశాక కాదు. దీన్ని ఎవరికీ నేనుగా ఇవ్వలేదు, అడిగినవాళ్ళకే. మీ నాన్నగారిది తెలంగాణ పల్లె అయితే ఆయన పక్కన కూర్చుని చూడండి, సినిమా అయ్యాక ఆయన చెప్పేది వినండి. అదే దారిలో మా భూమి కూడా ఉంది, గౌతమ్ ఘోష్ దర్శకుడు, నిర్మాణంలో నరసింగరావు గారు. బండెనక బండి కట్టి అని గద్దర్ గొంతు మీరు వినే ఉంటారు, ఆ సినిమాలోదే.

చూసే ముందు చిన్న జాగ్రత్తలు

కాపీ నిడివి చూసుకోండి. మిస్సమ్మ, మాయాబజార్ రెండూ దాదాపు మూడేసి గంటలు. ఆన్‌లైన్‌లో రెండుంబావుకే అయిపోతోందంటే పాటలో పద్యాలో కోసేసిన ముక్క అది, వదిలేయండి. పాటలు దాటేయకండి, ఈ సినిమాల్లో కథ పాటలోనే ముందుకు జరుగుతుంది. పద్యం అర్థం కాకపోతే మాత్రం దాటేసినా పాపం లేదు, రెండోసారి చూసినప్పుడు అవే వినబుద్ధవుతాయి. మూడు గంటలూ ఒకేసారి కూర్చోవాలని లేదు. ఇవి విశ్రాంతి పెట్టి తీసిన సినిమాలు, అక్కడ ఆపి మర్నాడు మిగతాది చూడండి. కానీ విశ్రాంతికి ముందు ఆపకండి.

ఇంకొక్కటి, నచ్చిన సినిమాని మీ స్నేహితులకి చెప్పేటప్పుడు "మహాకావ్యం, చూసి తీరాలి" అని చెప్పకండి. మీకు జరిగిన అన్యాయం అదే. ఆ మాట వినగానే మనిషి పరీక్షకి కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఒక్క సీను చెప్పండి. "పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాలమని అబద్ధం చెప్తారు" అంటే చాలు.

మిస్సమ్మ చూశాక ఇక్కడే రాయండి. నచ్చిందో లేదో కాదు, ఎక్కడ వెనక్కి తిప్పి మళ్ళీ చూశారో, ఎక్కడ ఫోను చేతిలోకి తీసుకున్నారో, ఆ రెండూ రాయండి. తర్వాతది ముత్యాల ముగ్గేనా, వరస మార్చాలా అన్నది దాన్నిబట్టి చెప్తాను.